బొగ్గా, గ్యాసా? బ్యాక్‌యార్డ్ గ్రిల్ కొనేముందు

మే నెలాఖరులో మెమోరియల్ డే సెలవు దగ్గర పడిందంటే చాలు, అమెరికాలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న దిగిపోతుంది: "గ్రిల్ కొందామనుకుంటున్నాం, గ్యాస్ మేలా, చార్‌కోల్ మేలా?" అడిగేది ఎక్కువగా కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు. జవాబులు కూడా ఏటా అవే. బొగ్గు మీద కాల్చిన రుచి వేరండీ అని సగం మంది, ఆ మసి ఎవరు కడుగుతారండీ అని మిగతా సగం. నన్నడిగితే రుచి, మసి రెండూ తర్వాతి సంగతులు. ముందు చూసుకోవాల్సింది ఒకటే. ఆ గ్రిల్లు మీద ఒక పక్క మంట ఉంచి, రెండో పక్క మంట లేకుండా, పైన మూత వేసి వండే చోటు ఉందా?

ఇది ఎందుకంత ముఖ్యమంటే మనం కాల్చే సరుకు వేరు. బర్గర్లు, హాట్‌డాగ్‌లు పల్చటివి, కాసేపట్లో మంట మీదే అయిపోతాయి. వాటికి ఏ గ్రిల్లయినా సరిపోతుంది. మన పార్టీల్లో ముందుగా ఖాళీ అయ్యేది ఎముకతో ఉన్న లెగ్ పీసుల ట్రే. గాట్లు పెట్టి, పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, గరం మసాలా దట్టంగా పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినవి. వాటిని నేరుగా మంట మీద పెడితే పైన మసాలా నల్లగా మాడిపోతుంది, ఎముక దగ్గర మాత్రం పచ్చిగానే ఉంటుంది. చికెన్ లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వేడెక్కాలని ఇక్కడి వ్యవసాయ శాఖ చెబుతుంది. లెగ్ పీసు 175, 180 దాకా వెళ్తేనే మాంసం ఎముకను తేలిగ్గా వదులుతుంది. అలా ఉడకాలంటే మంట లేని పక్కన, మూత కింద, అరగంట పైన ఉండాలి. చివర్లో మంట ఉన్న పక్కకి జరిపి రెండు మూడు నిమిషాలు తిప్పితే అంచులు కాలి రంగొస్తుంది. ఉడికిందో లేదో కోసి చూడక్కర్లేదు, పదిహేను డాలర్ల థర్మామీటర్ గుచ్చి చూస్తే చాలు.

ఈ లెక్కన రెండు బర్నర్ల చిన్న గ్యాస్ గ్రిల్లులు పక్కన పెట్టేయొచ్చు. ఒకటి ఆపేస్తే మిగిలే చోట నాలుగు ముక్కలు పడతాయంతే. గ్యాసయితే కనీసం మూడు బర్నర్లు ఉండాలి. బొగ్గయితే 22 అంగుళాల కెటిల్, అంటే మూతతో గుండ్రంగా ఉండే గ్రిల్లు, అంతకంటే చిన్నది వద్దు. మూత లేని రేకు పెట్టెల గురించి అసలు ఆలోచించకండి.

ఆ కెటిల్ కథ సరదాగా ఉంటుంది. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహపు కర్మాగారంలో జార్జ్ స్టీఫెన్ పనిచేసేవాడు. నీళ్ల మీద తేలే బోయాలు కూడా అక్కడ తయారయ్యేవి. గాలికి బొగ్గులు ఒక తీరున మండక విసిగిపోయిన ఆయన, ఒక బోయా గోళాన్ని సగానికి కోయించి, కింది సగానికి కాళ్లు, పై సగానికి పిడి తగిలించాడు. ఇప్పటికీ ఆకారం దాదాపు అదే. కింది కంతల్లోంచి గాలి లోపలికి, పై కంతల్లోంచి బయటికి పోతుంది. వాటిని మూస్తూ తెరుస్తూ సెగ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టేస్తే మనకు కావాల్సిన రెండు చోట్లూ వచ్చేస్తాయి. రెండు వందల డాలర్ల పైచిలుకులో అంతకంటే పనికొచ్చే వస్తువు నాకు తెలియదు.

బొగ్గు రుచి గురించి మాత్రం కాస్త తగ్గించి చెప్పుకోవాలి. బొగ్గుకు సొంత వాసన పెద్దగా ఉండదు. కట్టెలో పొగనిచ్చే పదార్థమంతా బొగ్గు తయారయ్యేటప్పుడే చాలావరకు కాలిపోతుంది. మనం 'బొగ్గు రుచి' అనుకునేది కొవ్వు, మసాలా చుక్కలుగా నిప్పుల మీద పడి, పొగై లేచి ముక్కకు పట్టడం వల్ల వచ్చేది. గ్యాస్ గ్రిల్లులో బర్నర్ల మీద వాలుగా ఉండే రేకుల మీద చుక్క పడినా ఇదే జరుగుతుంది, కాకపోతే కొంచెం తక్కువ. అసలు తేడా సెగలో ఉంది. ప్రొపేన్ మండితే వేడితో పాటు నీటి ఆవిరి కూడా పుడుతుంది. పెరుగు పట్టించిన ముక్క అసలే తడి. అందుకే మామూలు గ్యాస్ గ్రిల్లు మీద అది ముందు ఉడుకుతుంది, రంగు రావడానికి టైమ్ పడుతుంది. ఎర్రటి నిప్పుల పైన ఆ తడి చప్పున ఆరిపోతుంది. ఇంకోటి వంకాయ. ఇక్కడ దొరికే లావుపాటి వంకాయను నిప్పుల పక్కన దించి, తోలు నల్లబడి చితికిపోయేదాకా వదిలేసి, పెరుగు పచ్చడో చింతపండు పచ్చడో చేసి చూడండి. గ్యాస్‌తో ఆ పచ్చడి రాదు.

బొగ్గుతో ఇబ్బంది వెలిగించడంలోనే. బొగ్గు అంటించడానికి అమ్మే లైటర్ ఫ్లూయిడ్ పోయకండి, కిరసనాయిలు వాసన కొడుతుంది. చిమ్నీ స్టార్టర్ అని పొడవాటి రేకు డబ్బా దొరుకుతుంది. కింద కాగితం, పైన బొగ్గులు వేసి ముట్టిస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో పైబొగ్గులకు కూడా తెల్లటి బూడిద పడుతుంది. అప్పుడే కుమ్మరించాలి. ఆకలి మీద ఉన్న పిల్లలు చుట్టూ తిరుగుతుంటే ఆ ఇరవై నిమిషాలు ఎంత పొడవో మీకే తెలుస్తుంది.

గ్యాస్ గెలిచేది ఇక్కడే. మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రెండు చేప ముక్కలు కాల్చుకోవాలంటే నాబ్ తిప్పితే చాలు. కిచెన్, లివింగ్ రూమ్ కలిసిపోయిన ఇళ్లలో చేప వాసన సోఫాకు పట్టకుండా బయట వండుకోవడానికే చాలామంది గ్యాస్ కొంటారు. ఆ కారణం చాలా గట్టిదని ఒప్పుకుంటాను. "ఫుల్‌గా పెట్టినా వేడెక్కట్లేదండీ" అనే ఫిర్యాదు మాత్రం తరచూ వింటుంటాను. చాలాసార్లు గ్రిల్లు పాడవలేదు. సిలిండర్ వాల్వ్ ఒక్కసారిగా తిప్పినా, బర్నర్ నాబ్ ముందే తెరిచి ఉన్నా, ఎక్కడో గ్యాస్ లీకవుతోందనుకుని రెగ్యులేటర్ సరఫరా తగ్గించేస్తుంది. అన్నీ కట్టేసి, రెగ్యులేటర్ ఊడదీసి, కాసేపాగి మళ్లీ బిగించి, సిలిండర్ వాల్వ్ మెల్లగా తెరిచి, ఆ తర్వాత బర్నర్ వెలిగించండి. మూత మాత్రం తెరిచే వెలిగించాలి. సిలిండర్ విషయానికొస్తే, స్టోర్ల బయట మార్చి ఇచ్చే 20 పౌండ్ల సిలిండర్లలో సాధారణంగా 15 పౌండ్లే నింపుతారు. కొలిచి నింపే చోటు దగ్గర్లో ఉంటే అదే చవక.

వారంలో రెండు మూడు రోజులు వెలిగించే ఇల్లయితే గ్యాసే కొనుక్కోండి, మొహమాటం వద్దు. వీకెండ్‌కో, నెలకు రెండుసార్లో, పది మంది వచ్చినప్పుడు మాత్రమే అయితే నా ఓటు బొగ్గుకే. ఆ పది మందిలో నాన్‌వెజ్ ముట్టనివాళ్లు ఉంటారు కాబట్టి కెటిల్‌కు ఇంకో జాలీ కొని విడిగా పెట్టుకోండి. పనీర్, మొక్కజొన్న పొత్తులు ముందు దాని మీద కాల్చి తీసేసి, తర్వాత జాలీ మార్చి చికెన్ ఎక్కించండి. గ్యాస్ గ్రిల్లు జాలీలు బరువు, వేడి మీద మార్చడం కష్టం.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. పెల్లెట్ గ్రిల్లు కరెంటుతో నడుస్తుంది, రంపపు పొట్టుతో చేసిన గుళికలు దానంతటదే వేసుకుంటూ పోతుంది. బ్రిస్కెట్ లాంటి పెద్ద మాంసపు ముక్కలు గంటల తరబడి పొగ మీద వండుకునేవాళ్లకు బంగారం, తందూరీకి దాని సెగ చాలదు. గుడ్డు ఆకారంలో ఉండే పింగాణీ కమాడోలు అద్భుతంగా పనిచేస్తాయి. ధర చూసి, బరువు చూసి వెనక్కి రావడమే. బ్లాక్‌స్టోన్ లాంటి ఫ్లాట్‌టాప్ అసలు గ్రిల్లు కాదు, పెద్ద ఇనప పెనం. కానీ ఒకేసారి ఆరు దోసెలు పోయొచ్చు కాబట్టి మనవాళ్ల ఇళ్లలో దాని హవా వేరు. వాడాక నూనె రాసి కప్పకపోతే తుప్పు ఖాయం.

ఏది కొన్నా గరాజ్‌లో మాత్రం వెలిగించకండి. వాన పడుతోందని, తలుపు తెరిచే ఉందని లోపలికి లాగేవాళ్లను చూస్తుంటాం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, తలుపు తెరిచినంత మాత్రాన అది పోదు. ఇంటి గోడకు పది అడుగుల దూరం ఉంచండి, గోడ బయట ఉండే వినైల్ సైడింగ్ (ప్లాస్టిక్ పలకలు) సెగకు ముడుచుకుపోతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో చాలా ఊళ్లలో బొగ్గు, ప్రొపేన్ రెండూ కుదరవు. అక్కడ కరెంటు గ్రిల్లే దిక్కు, అదీ లీజు చదివాక. నూనె అంటుకుని మంట లేస్తే నీళ్లు పోయకూడదు. గ్యాస్ కట్టేసి మూత వేయండి, బొగ్గయితే మూత వేసి కంతలు మూసేయండి. జాలీ గీకడానికి తీగల బ్రష్ వద్దు, ఊడిన తీగ మాంసంలో చేరి గొంతులోకి పోయిన కేసులున్నాయి. ఫాయిల్ ఉండ చుట్టి పటకారుతో రుద్దితే సరిపోతుంది.

తొందర లేకపోతే లేబర్ డే దాటేదాకా ఆగండి. సెప్టెంబర్‌లో స్టోర్లు క్రిస్మస్ సరుకు కోసం చోటు ఖాళీ చేసుకుంటూ గ్రిల్లుల ధరలు తగ్గిస్తాయి. అసెంబుల్ చేసి డిస్‌ప్లేలో పెట్టింది అడిగితే ఇంకాస్త తగ్గిస్తారు, బిగించే పనీ తప్పుతుంది. ఈ వేసవికి పక్కింటివాళ్ల గ్రిల్లు అడగండి, నాలుగు లెగ్ పీసులు పంపితే ఎవరూ కాదనరు.