అమెరికా టీవీ జడ్జీల్లో వాప్నరా, జూడీయా? మీ తగాదా ఎవరి ముందు పెడితే మేలు?

ఇల్లు ఖాళీ చేసి మూడు నెలలైనా ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వడం లేదనుకోండి. అమెరికాలో ఇలాంటి చిల్లర తగాదాలను స్మాల్ క్లెయిమ్స్ కోర్టు (చిన్న మొత్తాల దావాలు చూసే కోర్టు) నుంచి స్టూడియోకి తెచ్చి, కెమెరా ముందు తేల్చేస్తారు. ‘బతుకు జట్కాబండి’ చూసినవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు. కాకపోతే మన దగ్గర పెద్దరికం చేసింది సినిమా నటి జీవిత, అక్కడ కూర్చునేది చాలాసార్లు మాజీ జడ్జి. నల్ల గౌను తొడిగినా టీవీలో వాళ్ల హోదా మధ్యవర్తే. ఇరుపక్షాలూ ముందే ఒప్పందం మీద సంతకం పెడతాయి కాబట్టే ఆ తీర్పు చెల్లుతుంది. ఇంకో సంగతి, ఓడినవాడి జేబులోంచి పైసా పోదు. ఆ డబ్బు నిర్మాతలే కడతారు. టీవీకి రావడానికి జనం ఎందుకు ఒప్పుకుంటారో ఇప్పుడు అర్థమైందిగా!

ఈ కుర్చీలో మొదట పేరు తెచ్చుకున్నది జోసెఫ్ వాప్నర్. లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లో గాయపడ్డాడు. 1959 నుంచి 1979 దాకా అసలు కోర్టుల్లోనే జడ్జి. రిటైరయ్యాక, 1981లో ‘ది పీపుల్స్ కోర్ట్’ మొదలైంది. పన్నెండేళ్లు నడిపాడు. తర్వాత పెంపుడు జంతువుల తగాదాల కోసం ‘యానిమల్ కోర్ట్’ కూడా చేశాడు.

జూడీ షైండ్లిన్‌ది బ్రూక్లిన్. 1972లో ఫ్యామిలీ కోర్టులో ప్రాసిక్యూటర్‌గా చేరారు. 1982లో న్యూయార్క్ మేయర్ ఎడ్ కోచ్ ఆమెను జడ్జిగా వేశారు. 1996లో ఉద్యోగం వదిలి ‘జడ్జ్ జూడీ’ మొదలుపెట్టి, 2021 వరకూ పాతికేళ్లు నడిపారు. ఇక్కడో తమాషా: వాప్నర్ వదిలిన కుర్చీలో 1997లో కూర్చున్నది అదే కోచ్, ఆయన తర్వాత కూర్చున్నది జూడీ భర్త జెర్రీ. వీధి వీధంతా చుట్టాలే అన్నట్టుంది.

డబ్బు లెక్కన చూస్తే పోటీయే లేదు. జూడీ సంపాదన ఒక దశలో ఏడాదికి 4 కోట్ల 70 లక్షల డాలర్లకు చేరింది. షూటింగ్ ఏడాదికి సుమారు 52 రోజులే, అంటే రోజుకి తొమ్మిది లక్షల డాలర్లు! జీతం మాట్లాడుకోవడానికి ఛానల్ పెద్దలతో భోజనానికి కూర్చుని, తనకెంత కావాలో రాసిన కవరు వాళ్ల చేతికిచ్చేవారట. బేరం లేదు. ఆ ధైర్యం నాకు భలే నచ్చింది.

కానీ తగాదా మనదైతే జీతం సంగతి మనకెందుకు? ఎలా వింటారన్నదే చూడాలి. వాప్నర్ ఇద్దరి మాటా విని, లేచి లోపలికి వెళ్లి, కాసేపటికి వచ్చి తీర్పు చెప్పేవాడు. ఆ విరామంలో ప్రకటనలు పడేవి, నిజమే. అయినా మన మాట ఆలోచించి చెబుతున్నాడన్న నమ్మకం కుదిరేది. జూడీకి ఆ విరామం అక్కర్లేదు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే అబద్ధం పట్టేస్తారు, నవ్వుతారు, కసురుతారు, అక్కడికక్కడే తేల్చేస్తారు. ఏళ్ల తరబడి ఫ్యామిలీ కోర్టులో పిల్లల్ని గాలికొదిలేసిన తల్లిదండ్రుల సాకులు విన్న మనిషికి ఓపిక అంతకంటే మిగలదేమో. ఆమె దురుసుతనాన్ని వాప్నర్ బహిరంగంగానే తప్పుపట్టాడు. జడ్జి అలా ఉండకూడదన్నాడు. ఆ విషయంలో నేను ఆయన పక్షమే. పొరుగింటివాడి ముందే తిట్లు తినడానికి కోర్టుకెందుకు వెళ్లాలి?

ఈ ఇద్దరికీ నడుమ ఉండే మనిషి మారిలిన్ మిలియన్. మయామీలో జడ్జిగా చేసి వచ్చారు, ‘పీపుల్స్ కోర్ట్’ను 2001 నుంచి 2023 దాకా నడిపారు. గొంతు పెంచుతారు గానీ, ఎందుకు ఓడిపోయావో చట్టం విడమరిచి చెబుతారు.

నా మటుకు, బావమరిదికి ఇచ్చిన చేబదులు, కాగితం ముక్క లేదు, నోటి మాటే సాక్ష్యం అనుకోండి, వాప్నర్ దగ్గరికే వెళ్తాను. అడ్వాన్స్ గొడవైతే, చేతిలో రసీదు, ఫోన్‌లో గది ఫోటోలు, ఓనర్ పంపిన మెసేజ్‌లు ఉంటే జూడీ చాలు, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. గెలిచాక కూడా, అలాంటి ఓనర్ ఇంట్లో ఎందుకు పడున్నావని నాలుగు చివాట్లు పెట్టే పంపుతారు లెండి.