లీకాఫ్ సీసాలు, బ్లూటూత్ స్కానర్: నాలుగేళ్లు వాడాక

మాది 2014 మోడల్ డీజిల్ కారు, 1.3 లీటర్ల కామన్ రైల్ ఇంజన్. అంటే పంపు డీజిల్‌ని రైల్ అనే ఉమ్మడి గొట్టంలోకి ఎక్కువ ఒత్తిడితో నెడుతుంది, అక్కడి నుంచి ఇంజెక్టర్లు దాన్ని సిలిండర్లలోకి చిమ్ముతాయి. ఇప్పటికి 1,62,000 కిలోమీటర్లు తిరిగింది. దీని కోసం 900 రూపాయలకి బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు ఫోన్‌లో చూపించే ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్, 1,600కి ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్‌ని (లీకాఫ్) కొలిచే సీసాల కిట్ కొన్నాను. స్కానర్ బాగానే ఉంది. సీసాలు మాత్రం డీజిల్ కారున్న ప్రతి ఇంట్లో ఉండాలంటాను.

2021 వేసవిలో సింహాచలం కొండెక్కుతుంటే బండి లాగడం మానేసింది, చెక్ లైట్ వెలిగింది. దర్శనం చేసుకొచ్చి సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోదు. గంటన్నర చల్లారాక అందుకుంది. మర్నాడు ఒక షాపులో చూపిస్తే, "నాలుగు ఇంజెక్టర్లూ పోయాయి సార్, పంపు కూడా విప్పాలి, డెబ్బై వేలు అవుద్ది" అన్నారు. కనీసం స్కానర్ పెట్టకుండా చెప్పిన మాట అది. చాలా కోపం వచ్చింది. బండి ఇంటికి తెచ్చేశాను.

ముందు ఫిల్టర్ అడుగున స్క్రూ వదులు చేసి, డీజిల్‌ని గాజు గ్లాసులో పట్టాను. నీళ్లుంటే కాసేపటికి కిందకి దిగి వేరుగా కనిపిస్తాయి. చుక్క లేదు. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో ఈ పని ఇప్పటికీ నెలకోసారి చేస్తాను. తర్వాత ఫిల్టర్ నుంచి పంపుకి వెళ్లే పైపు మధ్యలో పారదర్శకమైన పైపు ముక్క పెట్టి చూశాను. బుడగల్లేవు, అంటే గాలి పట్టలేదు.

స్కానర్‌లో పీ0087 అనే కోడ్ వచ్చింది, రైల్‌లో ఒత్తిడి చాలట్లేదని. యాప్ కిలోపాస్కల్స్‌లో చూపిస్తుంది, వందతో భాగిస్తే బార్. వేడి మీద సెల్ఫ్ కొడుతుంటే 10,000 దగ్గరే ఆగిపోయింది, అంటే 100 బారే. ఇలాంటి ఇంజన్ అందుకోవడానికి సుమారు 200 బార్ కావాలి. లోపం పంపుదా, ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌దా, ఇంజెక్టర్లదా అన్నది మాత్రం స్కానర్ చెప్పలేదు.

సీసాలు పనికొచ్చింది అక్కడే. ఒక్కో ఇంజెక్టర్ తలమీద సన్నటి రిటర్న్ పైపు ఉంటుంది. దాని క్లిప్పు తీసి సీసా గొట్టం తగిలించాలి. ట్యాంకు వైపు పైపు నోరు కిట్‌లోని బిరడాతో మూసేయాలి, లేకపోతే అటునుంచి డీజిల్ చిమ్ముతుంది. ఇంజన్ అందుకున్నాక, ఇంకా వేడిగా ఉండగానే మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచాను. ఒకటి, రెండు, నాలుగు సీసాల్లో ఇరవై మిల్లీలీటర్ల చుట్టూ. మూడోదాంట్లో డెబ్బై! వేడికి డీజిల్ పల్చబడేకొద్దీ ఇంజెక్టర్ లోపల అరిగిన వాల్వ్ దగ్గర ఎక్కువ కారిపోయి, రైల్‌లో ఒత్తిడి నిలవదు. చల్లగా ఉంటే అందుకుని, వేడెక్కితే మొరాయించడానికి కారణం అదే.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఇంజెక్టర్లకి డీజిల్ తెచ్చే లావుపాటి ఇనుప పైపుల నట్లు ముట్టుకోకండి. పాత డీజిల్ బండ్లకి ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పనిచేయట్లేదో పట్టేవాళ్లు. కామన్ రైల్లో 1,600 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపించినా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

ఆ ఒక్క ఇంజెక్టర్‌నే గాజువాక ఆటోనగర్‌లో పంపుల షాపుకి తీసుకెళ్లాను. ఇంజెక్టర్లని పరీక్షించే బెంచి మీద పెడితే వాల్వే అరిగిందని తేలింది. 8,500తో బాగుపడింది. తిరిగి బిగించేటప్పుడు కింద రాగి వాషర్ కొత్తది వేయించాను. పాతదే వేస్తే అక్కడ సిలిండర్‌లోని గ్యాస్ లీకై తారులా నల్లగా పేరుకుంటుంది. తర్వాత 60,000 కిలోమీటర్లు తిరిగాను, అనంతగిరి ఘాట్ మీదుగా అరకు కూడా రెండుసార్లు వెళ్లొచ్చాను. పీ0087 మళ్లీ రాలేదు.

లోపాలూ ఉన్నాయి. నాజిల్ స్ప్రే చెడినా, లోపల చుక్కలు కారుతున్నా రిటర్న్‌లో తెలియదు, దానికి బెంచి టెస్టే దిక్కు. స్కానర్ పోర్టులోనే వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది, నాకు రెండుసార్లు జరిగింది. కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ అడాప్టర్లు మూడో ఏడుకి పెళుసెక్కి ఒకటి విరిగింది. అన్ని కంపెనీల ఇంజెక్టర్లకీ రిటర్న్ మూతి ఒకేలా ఉండదు. కొనేముందు మీ ఇంజెక్టర్ తల ఫొటో తీసి, అడాప్టర్‌తో పోల్చి చూసుకోండి.