క్లాంప్ మీటరు: గీజరుకు సరే, మోటారుకు సగం జవాబే

ఇంట్లో ఏ సామాను మీద అనుమానం వచ్చినా ఇప్పుడు ముందు చేతికి వచ్చేది క్లాంప్ మీటరే. వైరును కోయకుండా, తెరుచుకునే దవడతో చుట్టి పట్టుకుంటే అందులో పోయే కరెంటు చెబుతుంది, ప్రోబ్ వైర్లతో వోల్టులు, ఓములు కూడా చూపిస్తుంది. నాది రెండు వేల లోపు దొరికే మామూలు రకం. కరెంటు విషయంలో ఏసీ, అంటే ఇంటి లైన్లో వచ్చే రకం, మాత్రమే కొలుస్తుంది. సోలార్ ప్యానెళ్లకో ఇన్వర్టర్ బ్యాటరీకో కొనేవాళ్లు డీసీ యాంపియర్లు కూడా కొలుస్తుందో లేదో డబ్బా మీద చూసుకోవాలి. చాలామంది అక్కడే దెబ్బతింటారు.

దవడలో ఒక్క వైరే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే ఎదురెదురుగా పోయే కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. అందుకే 16 యాంపియర్ల పొట్టి ఎక్స్‌టెన్షన్ ఒకటి చేయించాను. జానెడు మేర పై తొడుగు తీసేసి, లోపలి ఇన్సులేషన్ చెక్కుచెదరకుండా మూడు వైర్లనూ విడదీసి ఉంచాం. మీటరుకన్నా ఇదే ఎక్కువ పనికొచ్చిందేమో!

బాత్రూంలో గీజరు ప్లగ్గు కాలిపోతోందని మా ఆవిడ అంటే దీంతోనే కొలిచాను. గీజరు 2000 వాట్లది, రేటింగు 230 వోల్టులకు. వాట్లను వోల్టులతో భాగిస్తే 8.7 యాంపియర్లు, ఆ 230ని 8.7తో భాగిస్తే 26.4 ఓములు, అదే గీజరు కాయిల్ నిరోధం. అంటే సామానులో తేడా లేకపోతే ఎప్పుడు చూసినా ఆ ఓముల దగ్గరే తేలాలి. గీజరు ఆపి ఉన్నప్పుడు 231 వోల్టులు, వేయగానే 221కి పడిపోయింది, కరెంటు 8.4. భాగిస్తే 26.3. గీజరు బాగానే ఉంది. మరి ఆ పది వోల్టులు ఎక్కడికి పోయినట్టు? మెయిన్ బోర్డు దగ్గర చూస్తే పడింది రెండే. మిగతా ఎనిమిదీ బోర్డుకూ బాత్రూంకూ మధ్యే పోతున్నాయి. ఎనిమిదిని 8.4తో భాగిస్తే 0.95 ఓము. 2.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓములు. మా బాత్రూం దాకా రానూపోనూ పాతిక మీటర్లు, కాబట్టి 0.2 దాటకూడదు. మిగిలిన ముప్పావు ఓము ఏదో జాయింట్లోనే ఉండాలి. దాన్ని 8.4 వర్గంతో గుణిస్తే 53 వాట్లు. రెండు సోల్డరింగ్ ఐరన్లంత వేడి గోడలో ఒకేచోట! మెయిన్ ఆపి సాకెట్ విప్పితే న్యూట్రల్ స్క్రూ వదులైపోయి ఉంది, వైరు తొడుగు గోధుమరంగుకు మారి పెళుసుబారింది. కాలిన ముక్క కత్తిరించి కొత్త సాకెట్ బిగించాక ఆ ఎనిమిది కాస్తా రెండు వోల్టుల లోపుకు వచ్చింది.

ఎండాకాలం సాయంత్రాలు మాకు వోల్టేజీ 190కి దిగుతుంది. అదే గీజరు అప్పుడు 7.2 యాంపియర్లే తీసుకుంటుంది, గుణిస్తే 1370 వాట్లు. నీళ్లు కాగడానికి దాదాపు ఒకటిన్నర రెట్లు టైమ్ పడుతుందంటే గీజరు పాడైనట్టు కాదు.

ఓముల రేంజిని మాత్రం కంటిన్యుటీ బజరుకు (వైరు తెగలేదని కూతతో చెప్పేది) మించి పెద్దగా నమ్మను. గీజరు కాయిల్‌కు పర్లేదు, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా అంకె పెద్దగా మారదు. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కొలిచి చూడండి. చల్లగా నలభై ఓముల దగ్గర చూపిస్తుంది, వెలుగుతున్నప్పుడు లెక్క కడితే 529. ఈ రేంజి వాడాలంటే ప్లగ్గు పీకేసి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

మోటారు దగ్గర మీటరు సగం జవాబే ఇస్తుంది. మా 1 హెచ్‌పీ బోరు మోటారు 228 వోల్టుల దగ్గర 7.2 యాంపియర్లు లాగుతుంది, గుణిస్తే 1640. అవి వాట్లు కావు, వోల్ట్ యాంపియర్లు. అందులో నిజంగా వాట్లయ్యే వంతును, అంటే పవర్ ఫ్యాక్టర్‌ను, ఈ మీటరు చెప్పదు. ఇంట్లో మిగతావన్నీ ఆపి కరెంటు మీటరు మీద ఎర్ర లైటు మినుకులు లెక్కపెట్టాను, నిమిషానికి 75. మా మీటరుకు 3200 మినుకులైతే ఒక యూనిట్, అంటే సుమారు 1400 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ 0.85 అన్నమాట. 1 హెచ్‌పీ అంటే 746 వాట్లే కదా అంటారు కొందరు. అది షాఫ్టు దగ్గర వచ్చే శక్తి, లైన్లోంచి లాగేది కాదు.

చిన్న కరెంట్లకు ఇది దండగ. ఫ్యానుకైతే వైరును దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించుకుంటాను. ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లకు ఆ చిట్కా కూడా చాలదు, అవి లాగే వంకరటింకర కరెంటును కూడా సరిగ్గా కొలిచే ట్రూ ఆర్‌ఎంఎస్ ఉన్న మీటరు కావాలి. బ్యాటరీ దిగితే రీడింగులు తప్పుతాయి, గుర్తు వెలిగిన రోజే మార్చేయాలి. దీంతో ఇచ్చిన ప్రోబ్ వైర్లు మొదట్లోనే చీలాయి, విడిగా మంచివి కొన్నాను. ఫ్రిజ్, ఏసీల బిల్లు లెక్క కోసమే అయితే ఇది కొనకండి. ప్లగ్గులో పెట్టి నేరుగా వాట్లు చూపించే మీటర్లు ఉన్నాయి, ఏసీకైతే 16 యాంపియర్లది చూసుకోండి.