పాత క్రికెట్ కార్డులు వేలానికి ఇస్తున్నారా? ముందే ఫీజు అడిగితే లేచి వచ్చేయండి

హైదరాబాద్‌లో పాత స్పోర్ట్స్ కార్డులు అమ్మాలనుకుంటున్న వాళ్ల కోసం రాస్తున్నా. సిటీలోనే ఉన్న ఒక వేలం సంస్థతో మాకు జరిగిన సంగతి ఇది. వ్యవహారం నోటీసుల దాకా వెళ్లింది కాబట్టి పేరు రాయను.

మా పెదనాన్నగారి దగ్గర 1934 నాటి జాన్ ప్లేయర్ క్రికెటర్స్ సిగరెట్ కార్డులున్నాయి. బ్రాడ్‌మన్‌తో సహా 50కి 50. ఆ సంస్థ మనిషి వాటిని చూడగానే ఫోన్ తీసి, 2022లో అమెరికాలో ఒక మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు పోయిన వార్త చూపించాడు. "అది 1952 కార్డు సార్, మీవి అంతకన్నా పాతవి. లక్షల్లో పలుకుతాయి" అన్నాడు. పాతవైతే సరిపోతుందా? మాంటిల్ కార్డు అంత నీట్‌గా దొరకడం గగనం, కొనడానికి ఎగబడేవాళ్లూ ఉన్నారు. ప్లేయర్ కార్డులు ఆ రోజుల్లో సిగరెట్ పెట్టెల్లో కుప్పలుతెప్పలుగా వచ్చాయి, ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఫుల్ సెట్ మామూలు ధరకే దొరుకుతుంది. ఈ మాత్రం వాళ్లకి తెలీదనుకోను.

ఆశ పెట్టింది ఫీజుల కోసం. ఫొటోలకి, కేటలాగ్‌కి, ఇన్సూరెన్స్‌కి, అన్నిటికీ అంచనా ధర మీద శాతం లెక్కన ముందే కట్టించుకున్నారు. అంచనా ఎంత పెంచితే వాళ్లకి అంత. సరుకు అమ్ముడైనా కాకపోయినా జేబు నిండాక, పాట పెంచాల్సిన అవసరం వాళ్లకేముంది? రిజర్వ్ ధర, అంటే ఇంతకు తగ్గితే అమ్మం అనే కనీస ధర, ఆకాశంలో పెట్టారు, ఒక్కరూ పాడలేదు. పైగా "అన్‌సోల్డ్ చార్జీ" కడితేనే కార్డులు ఇస్తామన్నారు.

కట్టి తెచ్చుకుని చూస్తే బ్రాడ్‌మన్ కార్డు కుడి పై మూల మడతపడి, రంగు లేచి, లోపలి తెల్ల అట్ట కనిపిస్తోంది. "ఇచ్చినప్పుడే అలా ఉంది" అన్నారు. రసీదు తీస్తే అందులో "పాత కార్డులు - 1 లాట్" అని ఉంది, అంతే. నంబర్లు లేవు, కండిషన్ లేదు.

పద్ధతిగా నడిచే సంస్థలు మామూలుగా అమ్మిన సొమ్ములోంచే కోసుకుంటాయి. ఆ కోత కూడా తక్కువేం కాదు. కొనేవాడు మొత్తం లక్ష పెట్టదలిస్తే, 20 శాతం బయ్యర్స్ ప్రీమియం (పాట ధర మీద కొనేవాడు సంస్థకి అదనంగా కట్టేది) ఉన్నచోట అతని పాట 83 వేల దగ్గరే ఆగుతుంది. అందులో మన వైపు 15 శాతం కమిషన్ పోతే చేతికొచ్చేది 71 వేల లోపే. జీఎస్టీ వేరే.

పెద్ద పేరని గుడ్డిగా నమ్మడానికీ లేదు. అమెరికా కార్డుల వేలాల్లో చక్రం తిప్పిన బిల్ మాస్ట్రో, ఉత్తుత్తి పాటలతో ధరలు పెంచానని, చాలా అరుదైన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు అంచులు కత్తిరించానని ఒప్పుకున్నాడు. 2015లో 20 నెలల జైలు పడింది. అందుకే సంస్థ వాళ్లే పాట పాడొచ్చా లేదా అన్నది అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

ఇలాంటి రసీదు మీద ఇప్పటికే సరుకు ఇచ్చినవాళ్లు వేలం రోజు దాకా ఆగొద్దు. కార్డు నంబర్లవారీగా, నాలుగు మూలల ఫొటోలతో కొత్త రసీదు అడగండి. కుదరదంటే వెనక్కి తెచ్చేసుకోండి. మేం లీగల్ నోటీసు పంపి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు పెట్టాం. మీ దగ్గరున్న రసీదులు, ఫీజు కట్టిన మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచండి, కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్తే అవే అడుగుతారు.