గేరుబాక్సు వేడి మీటరు: మోటార్‌హోమ్‌లో చాలా కాలం వాడాక నా అభిప్రాయం

ఈ చిన్న మీటరును ఎంత మెచ్చుకున్నా నాకు తనివి తీరదు. డాష్‌బోర్డు కింద ఉండే డయాగ్నస్టిక్ పోర్టులో దీన్ని గుచ్చితే చాలు, ఆటోమేటిక్ గేరుబాక్సులోని ఆయిల్ ఎంత వేడెక్కిందో డిగ్రీల్లో చూపిస్తుంది. ఇలాంటివి బజారులో చాలా రకాలున్నాయి. అన్నీ ఇంచుమించు ఒకే పని చేస్తాయి కాబట్టి తెర సైజు, రంగుల జోలికి పోను. ఇల్లులా అమర్చుకున్న నా బండి, అంటే మోటార్‌హోమ్‌లో ఏ ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న విషయంలో నా లెక్కలన్నింటినీ ఇది తలకిందులు చేసింది. చెప్పాల్సింది అదే.

అంతకుముందు నాకున్న ఆధారం మాన్యువల్‌లోని కిలోమీటర్ల పట్టిక ఒక్కటే. ఆ పట్టిక మీద నాకు కోపం ఉంది. అదే ఛాసిస్, అదే ఇంజిను, అదే గేరుబాక్సుతో సరుకుల వ్యాన్లు కూడా తిరుగుతుంటాయి. వ్యాను సరుకు దింపేశాక ఖాళీగా తిరిగి వస్తుంది. మోటార్‌హోమ్‌కు ఆ వెసులుబాటు లేదు. మంచాలు, వంటగది, నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు ఎప్పుడూ బండి మీదే ఉంటాయి. బయలుదేరిన మొదటి నిమిషం నుంచీ గరిష్ఠ బరువుకు దగ్గరగానే నడుస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి కదలకుండా నిలబడి ఉంటుంది. ఈ రెండింటికీ ఒకే పట్టిక ఎలా సరిపోతుంది? చాలా మాన్యువళ్లలో కఠిన వినియోగానికి వేరే పట్టిక ఉంటుంది, మోటార్‌హోమ్‌కు వర్తించేది అదే. నేను వెళ్లిన సర్వీస్ సెంటర్‌లో మాత్రం ఆ పేజీ తిప్పనైనా లేదు. గేరుబాక్సులో పోసిన ఆయిల్ జీవితకాలం ఉంటుందని, ముట్టుకోనక్కరలేదని చెప్పి పంపేశారు. ఏ జీవితకాలం? వారంటీదా, బండిదా? గేరుబాక్సులు తయారుచేసే జడ్‌ఎఫ్ సంస్థే కార్ల ఆటోమేటిక్ గేరుబాక్సులకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమంటుంది. కార్లకే అలా అంటే, ఇల్లంత బరువు మోసే బండి సంగతి వేరే చెప్పాలా?

మీటరు పెట్టాక చదునైన రోడ్ల మీద చెప్పుకోదగ్గ విశేషం ఏమీ కనిపించలేదు. ఆయిల్ 80, 90 డిగ్రీల మధ్య నిలకడగా ఉండేది. ఇంజిను వేడి ముల్లు కూడా ఎప్పటిలా మధ్యలోనే. దాని అసలు విలువ ఒక పొడవైన ఘాట్ రోడ్డు మీద తెలిసింది. ఎండ మండిపోతోంది. ముందు ఒక లారీ నెమ్మదిగా ఎక్కుతోంది, దాటే వీలు లేదు. బండి తనంతట తాను పై గేరు పట్టుకుని, ఇంజిను తక్కువ వేగంతో గుర్రుమంటూ మెల్లగా ఎక్కుతోంది. మీటరు మీద 95 కనిపించింది. రెండు మలుపులు తిరిగేసరికి 102. కాసేపటికి 109. ఇంజిను వేడి ముల్లు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. మీటరు లేకపోతే అంతా సవ్యంగా ఉందనుకుంటూ ఎక్కుతూనే ఉండేవాడిని. అంకె 113కి చేరాక ఇక లాభం లేదని లివరును చేతి గేర్లలోకి తెచ్చి ఒక గేరు తగ్గించాను. ఇంజిను గోల ఒక్కసారిగా పెరిగింది. ఇంత అరుస్తుంటే వేడి ఇంకా ఎక్కుతుందనే అనుకున్నాను. పెరగలేదు. కాసేపు 113 దగ్గరే ఆగి, తర్వాత 111, 108 అంటూ దిగడం మొదలుపెట్టింది. లారీ ముందే ఉంది, ఎక్కుడు అలాగే ఉంది, బండి వేగం మారలేదు. కొండ పైకి చేరేసరికి ఆయిల్ వంద లోపుకు వచ్చేసింది.

కారణం తర్వాత అర్థమైంది. ఇంజినుకూ గేరుబాక్సుకూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ శక్తిని ఆయిల్ ద్వారానే అందిస్తుంది. వేగం సరిపడినంత ఉంటే లోపలి లాకప్ క్లచ్ బిగుసుకుని రెండు వైపులూ ఒకటిగా తిరుగుతాయి. పై గేరులో ఇంజిను ఈడ్చుకుంటూ ఎక్కుతుంటే ఆ క్లచ్ విడిపోతుంది, ఇంజిను శక్తిలో కొంత ఆయిల్‌ను చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. గేరు తగ్గిస్తే ఇంజిను తిరిగే వేగం పెరుగుతుంది, లాకప్ మళ్లీ పట్టుకుంటుంది, ఫ్యాను, పంపు కూడా వేగంగా తిరుగుతాయి. అందుకే శబ్దం పెరిగినా వేడి తగ్గింది. ఇప్పుడు ఎక్కుడు మొదలుకాకముందే గేరు తగ్గిస్తున్నాను.

మెకానిక్కుల మధ్య చాలా కాలంగా చెలామణిలో ఉన్న ఒక లెక్క ఉంది. 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకూ గేరుబాక్సు ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందని, 115 దాటితే లోపలి భాగాలకు వార్నిష్‌లా పొర కడుతుందని అంటారు. మంచి సింథటిక్ ఆయిల్ దీనికన్నా బాగానే తట్టుకుంటుంది కాబట్టి దీన్ని శాస్త్రంగా తీసుకోను. అయినా ఆ ఘాట్ రోడ్డు తర్వాత సాధారణ పట్టికను నమ్మడం మానేశాను. పట్టికలో చెప్పిన దూరంలో సగం కూడా తిరగకముందే గేరుబాక్సు అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పించాను. అడుగున అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంది, అది మామూలే. చేతికి గరుకుగా తగిలే లోహపు పెళ్లలుంటేనే భయపడాలి, అవి లేవు. ఆయిల్ మాత్రం ముదురు గోధుమ రంగుకు తిరిగి, మాడు వాసన వేసింది. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, కొన్ని ఆయిళ్లు తొందరగానే నల్లబడతాయి. మాడు వాసనను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. పాన్ విప్పితే ఆయిల్ అంతా బయటికి రాదు, మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అందుకని కొంత దూరం నడిపాక మరోసారి మార్పించాను. గేర్లు మారేటప్పుడు వచ్చే చిన్న కుదుపు పోయింది.

అయితే కొత్త ఆయిల్‌తో వేడి తగ్గలేదు. రేడియేటర్ ముందు ఉండే ఆయిల్ కూలర్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము, పురుగులు కడిగించాకే అంకెల్లో తేడా కనిపించింది. కొత్తలో ఈ మీటరు గురించి అడిగినవాళ్లకు ఇక దిగులు లేదని చెప్పేవాడిని. ఇప్పుడు ఆ మాట అనను. నా బండిలో ఇది చూపించేది పాన్‌లోని ఆయిల్ వేడి, కన్వర్టర్ నుంచి బయటికి వచ్చే ఆయిల్ అంతకన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. అంకె పెరిగినట్టు కనిపించేసరికే కొంత ఆలస్యమైనట్టు. కొన్ని బండ్లలో ఈ అంకె అసలు రాదు, కొనేముందు కనుక్కోవాలి.

అంతకన్నా ముఖ్యమైన లోటు ఇంకొకటి. మీటరుకు తేదీ తెలియదు. మోటార్‌హోమ్‌లో కిలోమీటర్ల కన్నా క్యాలెండరే ఎక్కువ పాడుచేసేది బ్రేక్ ఆయిల్‌ను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బ్రేక్ ఆయిళ్లకుండే డాట్ 4 అనే ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155కు దిగుతుంది. గేరుబాక్సును ఎక్కుడు పరీక్షిస్తే బ్రేకులను దిగుడు పరీక్షిస్తుంది. అంత బరువుతో దిగుతూ బ్రేకు తొక్కి పట్టుకుంటే తేమ చేరిన ఆయిల్ మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే బండి ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్పిస్తాను. ఇంజినాయిల్ ఏడాదికోసారి. జనరేటర్‌కు మాన్యువల్‌లో చెప్పిన గంటలు లేదా ఏడాది, ఏది ముందైతే అది. కూలెంట్‌ను టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకుంటాను, రంగు ఒకటే అయినంత మాత్రాన వేరే రకం కలపను. డీజిల్ బండి కాబట్టి పొగలోని కాలుష్యాన్ని తగ్గించే యాడ్‌బ్లూ ద్రవాన్ని ఎండలో ఎక్కువ రోజులు నిల్వ ఉంచను, 35 డిగ్రీల్లో అది ఆరు నెలలకు మించి నిలవదు. చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌లోని ఆయిల్‌ను మాత్రం చాలామంది మరిచిపోతారు, గేరుబాక్సుతో పాటే దాన్నీ మార్చేయడం మేలు.

గేరుబాక్సు ఆయిల్ విషయంలో నేను కుదుర్చుకున్న గడువు 50,000 కిలోమీటర్లు లేదా నాలుగేళ్లు. ఎండాకాలంలో కొండలెక్కి అంకె తరచుగా 105 దాటితే ఇంకా ముందే. నా బండి బరువైనది, నేను తిరిగేవి ఎక్కువగా ఘాట్ రోడ్లే, మిగతా కాలమంతా అది ఆగి ఉంటుంది. తేలికపాటి క్యాంపర్ వ్యానుతో చదునైన హైవేల మీద తిరిగేవాళ్లకు ఈ గడువు మరీ తొందర కావచ్చు, వాళ్లు ల్యాబ్‌లో ఆయిల్ నమూనా పరీక్షించుకుని గడువు పొడిగించుకోవచ్చు. గేర్లు మాన్యువల్ అయితే ఈ మీటరుతో పెద్దగా పనిలేదు. ఆటోమేటిక్ అయి, కొండదారులు తప్పనివాళ్లయితే కొనమనే చెబుతాను, పోర్టులో ఆ అంకె వస్తుందని ముందు రూఢి చేసుకున్నాకే.