రెఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లోని బ్రౌజర్: ఆరు నెలల వాడకం తరువాత

గుంటూరు ప్రాంతపు మిరప తోటలను 2021లో తీవ్రంగా దెబ్బతీసిన నల్ల తామర పురుగు మీద నేను సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. బ్రాడీపేటలోని గదిలో, నా ల్యాప్‌టాప్‌లో ఇప్పటికి ఎనిమిది వందల పీడీఎఫ్‌లు పోగయ్యాయి. సీనియర్లు పెన్‌డ్రైవులో ఇచ్చినవీ, గుంటూరు దగ్గరి లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధనా స్థానంలో పాత నివేదికల నుంచి స్కాన్ చేసుకున్నవీ అందులో చాలా ఉన్నాయి; వాటిలో సగానికి రచయిత, సంవత్సరం, పత్రిక వంటి వివరాలేవీ నమోదు కాలేదు. ఆ కొరత తీర్చుకోవడానికే, తనలోనే వెబ్ బ్రౌజర్ ఉన్న ఒక రెఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌ను (వ్యాసాలనూ వాటి వివరాలనూ భద్రపరిచి, రెఫరెన్సుల జాబితా తయారు చేసే ప్రోగ్రాంను) ఆరు నెలలుగా వాడుతున్నాను. నేను చూసిన లోపాలు ఇలాంటి బ్రౌజర్‌ను తయారు చేసే ఎవరికైనా ఎదురయ్యేవే కాబట్టి దాని పేరు ఇక్కడ రాయడం లేదు.

ఈ బ్రౌజర్ వల్ల కలిగే అసలు మేలు, వ్యాసమూ వెబ్ పేజీ పక్కపక్కనే ఉండటం. ఎడమవైపు పీడీఎఫ్ మొదటి పుట కనిపిస్తుంది. అందులో శీర్షికను ఎంచుకుంటే కుడివైపు పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతుకులాట మొదలవుతుంది. అక్కడ వ్యాసం వివరాలను సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో ఇచ్చే బిబ్‌టెక్ లింకు నొక్కగానే వివరాలన్నీ ఆ వ్యాసానికి జతపడతాయి. మన పేర్ల విషయంలో ఈ అమరిక విలువ నాకు బాగా తెలిసింది. మనం ఇంటిపేరు ముందు రాసి అసలు పేరు తరువాత రాస్తాం. చాలా డేటాబేస్‌లు మాత్రం చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. అందువల్ల ఒకే శాస్త్రవేత్త ఒక చోట ఇంటిపేరుతోనూ, మరొక చోట అసలు పేరుతోనూ, ఇంకొక చోట పొడి అక్షరాలతోనూ నమోదై, రెఫరెన్సుల జాబితాలో ముగ్గురు మనుషులుగా కనిపిస్తారు. అచ్చయిన పుట కళ్ల ముందే ఉంటే ఆ పొరపాటు వెంటనే పట్టుబడుతుంది, అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. వేరే బ్రౌజర్‌లోకి వెళ్లి వచ్చే పద్ధతిలో దీన్ని నేను ఎన్నోసార్లు చూడకుండా వదిలేశాను.

ఇబ్బంది అంతా ఆ బ్రౌజర్ లోపలి ఇంజన్‌తో, అంటే వెబ్ పేజీని తెర మీద చూపించే భాగంతో వచ్చింది. నేను వాడుతున్న దానిలోనిది చాలా ఏళ్ల నాటిది కావడంతో, కొన్ని పత్రికల పేజీలు తెల్లగా ఉండిపోయాయి. క్రోమ్ 2021లోనే నాలుగు వారాలకొక కొత్త వెర్షన్ విడుదల చేసే పద్ధతికి మారింది. సొంతంగా ఇంజన్‌ను మోసుకు తిరిగే చిన్న బృందం ఆ వేగాన్ని అందుకోవడం కష్టం. విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్ ఇంజన్‌నే ఇతర ప్రోగ్రాములకు అందిస్తూ, తనంతట తాను నవీకరణ పొందే వెబ్‌వ్యూ2ను వాడుకోవడం ఇంతకంటే తెలివైన పని అని నా అభిప్రాయం.

లాగిన్ రెండో చిక్కు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరిలో మొదలైనప్పటి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థల వారికి 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. అయితే మామూలు బ్రౌజర్‌లో చేసిన లాగిన్ లోపలి బ్రౌజర్‌కు తెలియదు, ఎందుకంటే లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీలు రెండింటికీ వేరు. ఒకసారి పది వ్యాసాలు దింపుకొని, రాత్రి తెరిచి చూస్తే అందులో నాలుగు లాగిన్ పేజీలే, పీడీఎఫ్ అనే పేరుతో. దిగిన ఫైలు మొదటి అక్షరాలను చూస్తే అది నిజమైన పీడీఎఫ్ అవునో కాదో సాఫ్ట్‌వేర్‌కు తెలిసిపోతుంది. ఆ చిన్న తనిఖీ లేకపోవడం క్షమించరానిది. గూగుల్ స్కాలర్ పదేపదే మనిషివేనా అని అడగడం కూడా ఉంది, అయితే హాస్టల్ వైఫైలో అది మామూలు బ్రౌజర్‌లోనూ తప్పదు.

జొటేరో అనే మరో రెఫరెన్స్ సాఫ్ట్‌వేర్ ఈ సమస్యను వేరే దారిలో దాటింది. 2006లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించే పొడిగింపుగానే (ఎక్స్‌టెన్షన్) పుట్టిన ఆ సాఫ్ట్‌వేర్, 2017లో 5.0 వెర్షన్‌తో పూర్తిగా విడి ప్రోగ్రాంగా మారి, బ్రౌజర్ పనిని బ్రౌజర్‌కే వదిలి, కనెక్టర్ అనే చిన్న పొడిగింపును మాత్రం అందులో ఉంచింది. కొత్త వ్యాసాలను సేకరించడానికి నేనూ ఇప్పుడు అదే వాడుతున్నాను, లాగిన్ బెడద పోయింది. డీఓఐ, అంటే ఒక్కో వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉన్న వ్యాసానికి చాలాసార్లు వెబ్ పేజీ తెరవాల్సిన అవసరమే లేదు, ఆ సంఖ్య ఇస్తే వివరాలు వచ్చేస్తాయి.

కాబట్టి లోపలి బ్రౌజర్‌ను రూపొందించేవారు దాన్ని క్రోమ్‌కు పోటీగా పెంచనక్కర లేదు. బుక్‌మార్కులు, ట్యాబుల వరుసలు నాకు ఒక్కసారీ అక్కరకు రాలేదు. వివరాలు లేని పాత వ్యాసాన్ని పక్కన పెట్టుకొని వెతికే ఒక్క పనినీ, తాజా ఇంజన్‌తో, లాగిన్ పోయినప్పుడు స్పష్టంగా చెబుతూ చేసిపెడితే చాలు. నా దగ్గర అలాంటి స్కాన్లు ఇంకా అరవై దాకా ఉన్నాయి. వాటి కోసమే ఈ సాఫ్ట్‌వేర్‌ను ల్యాప్‌టాప్ నుంచి తీసేయకుండా ఉంచుకున్నాను.