కీమో కళ్లకు ఒంటిమోతాదు చుక్కలు: ఎవరికి పనికొస్తాయి, ఎవరికి దండగ

విశాఖ కేజీహెచ్ (పెద్దాసుపత్రి) చుట్టుపక్కల ఏ మందుల షాపులోనైనా "కళ్లు మండుతున్నాయి" అంటే చాలు, 10 మిల్లీలీటర్ల సీఎంసీ (కన్నీటిలా కంటిని తడిపే మందు) చుక్కల సీసా చేతిలో పెడతారు. రోజుకు మూడు నాలుగుసార్లు వేసుకునేవారికి అది చాలు. కీమోతో కళ్లు ఎండిపోయినవారు గంటకూ రెండు గంటలకూ వేసుకుంటారు, చిక్కంతా అక్కడే. కొన్ని సీసాల్లో నిల్వ కోసం బెంజాల్కోనియం క్లోరైడ్ అనే రసాయనం కలుపుతారు. అసలే దెబ్బతిన్న నల్లగుడ్డు పైపొరను అది మరింత రేపుతుంది. వీళ్లకు నిల్వ రసాయనం లేని, ఒక్కసారి వాడి పారేసే 0.4 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ వయల్స్ కొనడమే నయం, సీసా కంటే రేటు బాగా ఎక్కువైనా.

వయల్ మూతి తిప్పి తుంచాక మొదటి చుక్క కింద వదిలేయాలి, తుంచిన ప్లాస్టిక్ నలకలు అందులో పోతాయి. కింది రెప్ప లాగి ఒక్కటే చుక్క. రెండోది చెంప మీదికే జారుతుంది. కళ్లు మూసి ముక్కు పక్క మూలను నిమిషం నొక్కి ఉంచాలి. వేరే చుక్కలుంటే ఐదు నిమిషాలు ఆగి వేయాలి. రెండు కళ్లకూ వేశాక వయల్‌లో ఇంకా మిగులుతుంది, ఆ మిగులు మీదే మనవాళ్లకు ఆశ. రేపటికి దాచారా, కీమోతో రక్తంలో తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో ఆ పొదుపు ఇన్‌ఫెక్షన్‌గా తిరిగొస్తుంది.

డోసెటాక్సెల్ అనే కీమో మందు, ముఖ్యంగా వారం వారం, ఎక్కించుకునేవారి సంగతి వేరు. ఫ్యాను కింద కూర్చున్నా, గాలే లేకున్నా నీళ్లు చెంప మీద కారుతూనే ఉంటే అది పొడిబారడం కాకపోవచ్చు. కన్నీరు ముక్కులోకి దిగే సన్న దారి పూడుకుపోతూ ఉండొచ్చు. ఎన్ని వయల్స్ వేసినా ఆ దారి తెరుచుకోదు. ముందే చూపిస్తే సన్నటి సిలికాన్ గొట్టం పెట్టి కాపాడతారు, పూర్తిగా మూసుకున్నాక ఆపరేషన్ పెద్దదవుతుంది. క్యాన్సర్ డాక్టరుకు చెప్పి, హనుమంతవాక ఎల్వీ ప్రసాద్ లాంటి కంటి ఆసుపత్రిలో కన్నీటి నాళాలు పరీక్ష చేయించుకోవాలి.

సైటరబిన్ అనే మరో కీమో మందు పెద్ద మోతాదులో ఇచ్చేటప్పుడు స్టెరాయిడ్ చుక్కలు డాక్టర్లే ముందుగా మొదలుపెడతారు. షాపువాడి మాట మీద అవి కొనొద్దు, కంటి ప్రెషర్ పెరుగుతుంది. చూపు తగ్గినా, మెరుపులు కనిపించినా, వెలుతురు చూడలేకపోయినా చుక్కలతో కాలయాపన చేయకుండా ఆ రోజే ఆసుపత్రికి.

అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నుంచి హైవే మీద ఆటోలో తిరిగొచ్చేవారికి పక్కలు మూసిన కళ్లద్దాలు రెండు వయల్స్‌తో సమానం. రాత్రికి జెల్ మంచిదే, కానీ చూపు మసకేస్తుంది. బాత్రూమ్ పనులన్నీ అయ్యాకే వేసుకుని పడుకోవాలి.